గండికోటలో టెంటు: ఒకే క్యాంపుకి మూడు సీజన్లు పోయొచ్చినాక

మాది ప్రొద్దుటూరు, గండికోట మాకు దగ్గరే, జమ్మలమడుగు దాటితే ఇంకో 15 కిలోమీటర్లు. ఏడాదిలో మూడుసార్లు ఒకే క్యాంపులో టెంటు తీసుకున్నాం, మేలో, వానల్లో, మొన్న డిసెంబర్లో. పేరు రాయట్లేదు, ఎందుకంటే తప్పులు వాళ్ళకే నేరుగా చెప్పినా, దిద్దుకుంటామన్నారు.

నాకు బాగా నచ్చింది ఏందంటే టెంట్లు లోయ అంచుకి చానా దూరంగా వేసినారు. రాత్రిపూట ఫోన్ లైటేసుకుని సెల్ఫీలకని పెన్నా లోయ వైపు పోవద్దని క్యాంపు చూసుకునే అన్న మేం పోయీపోగానే గట్టిగా చెప్పినాడు, తెల్లారి సూర్యోదయానికి తనే వచ్చి పిల్చుకపోయినాడు. వానల్లో ఆ ఎర్ర బండలు ఎంత జారతాయో పోయినోళ్ళకే తెలుసు, మామూలు చెప్పులేసుకుని పోవద్దండీ, గ్రిప్ ఉండే షూ వేసుకోండి, అవి కూడా పొద్దున్నే దులిపి వేసుకోండి, తేళ్ళు దూరుతుంటాయి.

మేలో ఇద్దరికి కలిపి ఒక్క లీటరు బాటిల్ ఇచ్చినారు, అది యాడికి సరిపోతుంది? పదిన్నరకి మా బామ్మర్దికి కళ్ళు తిరిగితే మాధవరాయ గుడి మండపం నీడలో పండబెట్టి, తడిగుడ్డ వేసి, ఓఆర్ఎస్ తాపినాం, తేరుకున్నాడు. అదే మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే మాత్రం వడదెబ్బే, ఇంక ఆలోచించకుండా 108కి కొట్టండి.

బోటింగ్‌కి మా పిల్లోడికి పెద్దోళ్ళ లైఫ్ జాకెట్ ఇచ్చినారు. భుజాల కాడ పట్టుకుని పైకెత్తి చూస్తే చెవుల దాకా వచ్చేసింది, అంటే నీళ్ళలో పడితే వాడు కిందికి జారిపోయి జాకెట్ ఒక్కటే తేలతాది. చిన్న సైజు తెచ్చేదాకా నేను ఎక్కనియ్యలేదు.

అన్నిటికంటే భయపడింది డిసెంబర్లో. చలిగా ఉందంటే మంచితనంతోనే ఒక ఇనప బొచ్చెలో నిప్పులు తెచ్చి టెంటు లోపల పెట్టబోయినారు! బొగ్గుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తాది, దానికి వాసన ఉండదు, జిప్పు వేసుకుని పడుకుంటే నిద్రలోనే ప్రాణం పోతాది, పొగ లేదు కదా అనుకోవద్దు. నేను బయటే పెట్టించి ఇంకో రెండు దుప్పట్లు అడిగినా, వెంటనే ఇచ్చినారు, ఆ అన్నకి కూడా కూర్చోబెట్టి వివరంగా చెప్పినా, పాపం ఆయనకి నిజంగానే తెలీదంట, పక్క టెంట్లలో కూడా అప్పటికప్పుడు తీయించినాడు.

5కి 3 స్టార్లు. ఉగాదికి ముందు మళ్ళీ అక్కడికే పోతాం, పిల్లోడి జాకెట్ మాత్రం ఈసారి మేమే కొని తీసుకపోతాం.