ఐసీయూలో యూరిన్ పైపు: డాక్టర్ రాసేదాకా ఆగాలా, నర్సే తీసేయాలా?

మనకు బాగా అలవాటైన పద్ధతి ఒకటే, డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి రాస్తేనే పైపు తీయడం. ఇబ్బంది ఏంటంటే వెంటిలేటర్, బీపీ, కిడ్నీల టెన్షన్‌లో ఆ పైపు సంగతి ఎవరికీ గుర్తుండదు, అది అలాగే ఉండిపోతుంది, ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది.

రెండోది, డాక్టర్లు ముందే ఒప్పుకున్న ప్రోటోకాల్ ప్రకారం నర్సు రోజూ చూసి, గంటగంటకూ యూరిన్ కొలవాల్సిన పని లేదు, మూత్రం ఆగిపోయే సమస్యా లేదు అనుకుంటే తనే తీసేయడం. తీశాక మూత్రం రాకపోతే బ్లాడర్ స్కాన్ (మూత్రాశయంలో ఎంత మూత్రం ఉందో చూసే స్కాన్) చేసి, అవసరమైతే ఒక్కసారి పెట్టి తీసేసే పైపు వాడతారు. పని పెరుగుతుంది, నిజమే (బెడ్‌షీట్లు మార్చడం ఎవరూ లెక్కలో రాయరు). అయినా నా ఓటు దీనికే.

యూరాలజీ (మూత్ర వ్యవస్థకు సంబంధించిన) ఆపరేషన్ అయినవాళ్లకి మాత్రం డాక్టర్ మాటే. ఇక పైపు ఉన్నంతకాలం రెండింట్లోనూ జాగ్రత్తలు ఒకటే: ముట్టుకునే ముందూ తర్వాతా చేతుల శుభ్రం, బ్యాగ్ మూత్రాశయం కంటే కిందుగా, నేలకు తగలకుండా ఉంచడం, గొట్టం మధ్యలో ఊడదీయకపోవడం.