కోనసీమ సంక్రాంతి: మూడు బండ్లు, ఒక ఫోర్ బై ఫోర్ స్టిక్కర్

రాజమండ్రిలో మహీంద్రా థార్ జీపు అద్దెకి తీసుకుని కోనసీమ తిరుగుదామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు తలుపు తీసి గేర్ రాడ్ పక్కన చూడండి. అక్కడ ఇంకో పొట్టి రాడ్ ఉండాలి. దాని మీద టూ హెచ్, ఫోర్ హెచ్, ఎన్, ఫోర్ ఎల్ అని ఉండాలి. ఆ చోట సామాను పెట్టుకునే చిన్న అర మాత్రమే ఉంటే అది ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి వెళ్లే బండి కాదు, వెనక చక్రాలతో నడిచే బండి. వెనక తలుపు మీద ఎంత పెద్ద స్టిక్కర్ అంటించినా కాదు.

మాకు స్టిక్కర్ బండే ఇచ్చారు. రోజుకి 5,500 చొప్పున మూడు రోజులకి 16,500, డిపాజిట్ 10,000. అదే ఏజెన్సీలో మామూలు థార్ రోజుకి 3,800. అంటే రోజుకి 1,700 మేం కట్టింది ఆ స్టిక్కర్‌కి.

మేం సరదాకి తీసుకున్న బండి కాదది. మావయ్య వాళ్ల అరటి, కొబ్బరి తోట పి.గన్నవరం అవతల గోదావరి పాయ వైనతేయ మధ్యలో లంక మీద, అంటే ఏటి నడుమ దిబ్బ మీద ఉంది. సంక్రాంతి నాటికి నీరు తగ్గి, ఏటి పాయలో ఇసుక మీద ట్రాక్టర్ల జాడ పడుతుంది. మోకాళ్ల ఆపరేషన్ తర్వాత అత్తయ్య ఆ తోట చూడలేదు. ఆ ఇసుకలో ఆవిడ నడవలేదు. 'ఈసారి నిన్ను కార్లో తోట గట్టు దాకా తీసుకెళ్తాం అత్తయ్యా' అని అక్క దసరా నుంచి ఫోన్లో చెబుతూనే ఉంది. అందుకే పట్టుబట్టి ఫోర్ బై ఫోర్ కావాలన్నాం. బుకింగ్ మెసేజ్‌లో కూడా అదే రాశారు.

బండి స్టేషన్ దగ్గర తెల్లారకుండా ఇచ్చారు. అక్క, బావగారు మిషిగన్ నుంచి వచ్చి, హైదరాబాద్ నుంచి రైల్లో దిగారు. రాడ్ ఏదని బావగారు అడిగితే, 'కొత్త మోడల్ అండి, అవసరమైనప్పుడు దానంతటదే పడిపోద్దండి, ఆయ్' అన్నాడట తెచ్చిన కుర్రాడు. బావగారికి అందులో అనుమానించాల్సిందేమీ కనపడలేదు. అక్కడ ఆయన నడిపే సుబారు నిజంగానే అంతే, నాలుగు చక్రాలకీ శక్తి ఎప్పుడూ వెళ్తూనే ఉంటుంది, డ్రైవర్ మీటలేమీ వేయక్కర్లేదు. ఆల్ వీల్ డ్రైవ్ అనేది దాన్నే. థార్‌లో ఫోర్ బై ఫోర్ వేరు, మనం రాడ్ వేస్తేనే ముందు చక్రాలు కలుస్తాయి. పొడి తారు రోడ్డు మీద అది వేసి నడపకూడదు కూడా. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి, మధ్యలో ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ లేదు కాబట్టి గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ఇక 2023 జనవరి నుంచి వెనక చక్రాల థార్ కూడా వస్తోంది, బయటి నుంచి రెండూ కవలల్లా ఉంటాయి. ఏజెన్సీ వాళ్లు ఆడుకున్నది ఆ పోలికతోనే.

నేను స్విఫ్ట్‌లో హైదరాబాద్ నుంచి ఏలూరు, తణుకు, రావులపాలెం మీదుగా వచ్చాను. పెట్రోలు లీటరుకి 19 ఇచ్చింది, రోడ్డు బాగుంది. మావయ్య కొడుకు వాసుది ఇన్నోవా క్రిస్టా. స్విఫ్ట్ ముందు చక్రాల బండి, క్రిస్టా వెనక చక్రాల బండి. మూడూ ఒకే రోడ్ల మీద, ఒకే వాతావరణంలో తిరిగాయి కాబట్టి పోల్చడానికి నాకు మంచి అవకాశం దొరికింది.

మన డెల్టాలో చలికాలం డ్రైవింగ్ అంటే ఐసు కాదు, రెండే కష్టాలు. ఒకటి తెల్లవారుజాము పొగమంచు. అందులో ఏ చక్రాలు తిరిగినా ఒకటే, హై బీమ్ ఆపి మెల్లగా పోవడం తప్ప దారి లేదు. రెండోది బురద. సంక్రాంతి రోజుల్లో ఇంకా దాళ్వా (రెండో పంట వరి) దమ్ములు నడుస్తుంటాయి. పొలంలోంచి పైకొచ్చిన ట్రాక్టర్ దమ్ము చక్రాలకి అంటుకున్న ఒండ్రుమట్టి పెళ్లలు పెళ్లలుగా కాలవ గట్టు రోడ్డు మీద రాలుతుంది. రాత్రి మంచుకి అది నాని, పొద్దున్నే తారు మీద నల్లటి జిగురు పొరలా పరుచుకుంటుంది. కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క ఆరడుగుల లోతున పొలం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న కాలవలివి, సగం దార్లు వీటి గట్ల మీదే. పక్కకి జారితే మిగిలే చోటు లేదు.

ఆ పొర మీద స్విఫ్ట్ నాకు ధైర్యం ఇచ్చింది. ఇంజను బరువు మొత్తం తిరిగే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. జారినా ముక్కు కాస్త బయటికి పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ దారిలోకి వస్తుంది. క్రిస్టా ఖాళీగా ఉన్నప్పుడు అలా కాదు. అయినవిల్లి నుంచి తిరిగొస్తూ ఒక మలుపులో వాసు గట్టిగా తొక్కేసరికి వెనక భాగం కాలవ వైపు ఊగింది. అత్తయ్య 'ఒరేయ్' అన్న ఒక్క అరుపు తప్ప ఇంటిదాకా ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు అదే బండిలో ఆరు కొబ్బరికాయల బస్తాలు, బియ్యం వేసుకుని వెళ్తే అదే మలుపులో గీత గీసినట్టు పోయింది. మిషిగన్‌లో వెనక చక్రాల పికప్ ఉన్నవాళ్లు మంచు పడే నెలల్లో వెనక తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకుంటారని బావగారు చెప్పారు, కారణం ఇదే.

వెనక చక్రాల బండి గొప్పతనం ఎక్కడో చెప్పకపోతే అన్యాయం. అంతర్వేదిలో స్వామి దర్శనం, అన్నాచెల్లెళ్ల గట్టు చూసుకుని, పాలకొల్లు చుట్టాలింటికి చించినాడ వంతెన చుట్టు తిరగకుండా సఖినేటిపల్లిలో పంటు, అంటే బండ్లని ఏరు దాటించే పడవ ఎక్కాం. అవతల మాధవాయిపాలెం రేవు ఏటవాలు, పైగా దిగిన బండ్ల చక్రాల నీళ్లతో తడి. మనుషులతో నిండిన క్రిస్టా ఆగకుండా ఎక్కేసింది. ఎక్కుడులో బరువు వెనక్కి వాలుతుంది, తిరిగేవి వెనక చక్రాలే కదా. నా స్విఫ్ట్ సగం ఎక్కి ముందు చక్రాలు గిర్రున తిరుగుతూ అక్కడే నిలబడింది. టైరు వాసన వచ్చింది. పంటు మీద పనిచేసే పెద్దాయన వచ్చి బానెట్ మీద చెయ్యేసి, 'కిందకి దించి తిప్పుకోండి బాబుగారూ, రివర్సులో ఎక్కించండి' అన్నాడు. తిప్పి వెనక్కి ఎక్కిస్తే ఒక్క ఊపులో పైకొచ్చింది. ఇప్పుడు బరువు వాలేది కిందవైపున్న ఇంజను చక్రాల మీదకి. 50 రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు, 'పండక్కి వచ్చారు, పోయి రండి' అన్నాడు. ఈ ప్రయాణంలో నేను కలిసిన అందరిలో బండి గురించి నిజంగా తెలిసిన మనిషి ఆయనే.

బస విషయానికొస్తే, మావయ్య ఇంట్లో చోటు చాలక అమలాపురంలో లాడ్జి తీసుకున్నాం, ఏసీ గది 2,200, శుభ్రం, వేడినీళ్లు వచ్చాయి. తిండిలో అంబాజీపేట పొట్టిక్కలు తప్పకుండా తినండి. పనసాకులతో కుట్టిన బుట్టలో ఇడ్లీ పిండి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు ఒలుస్తుంటే ఈనెల గుర్తులు పొట్టిక్క మీద దిగి ఉంటాయి, ఆకు వాసన లోపలిదాకా పడుతుంది. అప్పటిదాకా ముభావంగా ఉన్న బావగారు రెండో ప్లేటు అడిగారు.

ఆయన ముభావానికి కారణం లంక. భోగి మర్నాడు, పండగ పూట, అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఇసుకలోకి దిగాం. వంద గజాలు పోయిందో లేదో, వెనక చక్రాలు గుంత తవ్వుకుని యాక్సిల్ దాకా కూరుకుపోయాయి. ముందు చక్రాలు కదలనైనా లేదు. బావగారు దిగి, కింద పడుకుని చూసి, 'ముందుకి వెళ్లే షాఫ్టే లేదు' అన్నారు. టైర్లలో గాలి 18కి దించాం, చక్రాల కింద కొబ్బరి మట్టలు వేశాం, లాభం లేకపోయింది. చివరికి ట్రాక్టర్ పిలిచి లాగించాం, 1,500. అత్తయ్య ఎండలో ఇసుక మీద కుర్చీ వేసుకుని రెండు గంటలు కూర్చుంది. 'తోటకేం, ఎక్కడికీ పోదు' అంది. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, 'ఇసుకలోకి దింపమని మేం చెప్పామా?' అన్నారు. ఇసుకలోకి కాకపోతే ఫోర్ బై ఫోర్‌కి అదనపు డబ్బు దేనికి తీసుకున్నట్టు?

అక్కడే కూర్చుని బావగారు చెప్పిన మాటలు రాయాలి, ఎందుకంటే ఆల్ వీల్ డ్రైవ్ కొంటే అన్నీ అయిపోతాయనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నాలుగు చక్రాల శక్తి బండిని కదిలించడానికి, ఎక్కించడానికి పనికొస్తుంది. ఆపడానికి పనికిరాదు. బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి, ఆపేది టైరు పట్టు. మిషిగన్ మంచులో మలుపు దగ్గర రోడ్డు పక్క గోతిలో పడేవాటిలో ఆల్ వీల్ బండ్లు ఆయన ఏటా చూస్తారట, సులువుగా కదిలింది కదా అని వేగం పెంచేస్తారు. చలి 7 డిగ్రీల కిందకి వెళ్తే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది, అందుకని అక్కడ వింటర్ టైర్లు వేస్తారు. కెనడాలో క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా అవి వేయడం చట్టం. వింటర్ టైర్లున్న ముందు చక్రాల బండే, అవి లేని ఆల్ వీల్ బండి కన్నా ఆయనకి నమ్మకం.

మన కోనసీమలో 7 డిగ్రీల మాట లేదు. రోజూ తిరగడానికి, పండక్కి ఊరు రావడానికి ముందు చక్రాల బండి, అరగని టైర్లు చాలు. అయిదారుగురు, బస్తాలు, కొబ్బరికాయలు ఉంటే వెనక చక్రాల బండి, ఖాళీగా ఉన్నప్పుడు గట్ల మీద కాలు తేలిగ్గా పెట్టాలి. లంక, ఏటి ఇసుక ఉంటేనే అసలు ఫోర్ బై ఫోర్ తీసుకోండి. అద్దె బండికి నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలు ఉండాలి, తెల్ల బోర్డు ఇస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది. ఆర్సీలో మోడల్ పేరు చదవండి.

కనుమ రోజు అత్తయ్య ట్రాక్టర్ తొట్టిలో పరుపు వేయించుకుని తోటకి వెళ్లొచ్చింది. మిగతావాళ్లం జగ్గన్నతోట జాతర, ప్రభల తీర్థానికి వెళ్లాం, బండ్లు అంబాజీపేటలోనే వదిలి నడిచాం, మీరూ అదే చేయండి.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు క్లచ్ కాలిందని డిపాజిట్‌లో 3,000 కోసుకున్నారు. రసీదు అడిగితే ఇవ్వలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. బుకింగ్ మెసేజ్, స్టిక్కర్ ఫోటో, రాడ్ లేని చోటు ఫోటో, ట్రాక్టర్‌కి చేసిన ఫోన్ పే రసీదు అన్నీ జతచేశాను. అడిగింది 9,600: స్టిక్కర్‌కి కట్టిన 5,100, ట్రాక్టర్ 1,500, డిపాజిట్‌లో కోసిన 3,000. ఇంకా జవాబు రాలేదు.