ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ "40 గంటల ప్యాకేజీ" కొనేముందు మీ లాగ్‌బుక్ లెక్క పెట్టుకోండి

అమెరికాలో ప్రైవేట్ పైలట్ అయిపోయి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి (బయటేమీ కనపడకపోయినా పరికరాలు చూసి ఎగరడానికి అనుమతి) డబ్బు కట్టబోతున్న మనవాళ్లకి ఈ పోస్ట్. టెక్సస్‌లో ఒక చిన్న పార్ట్ 61 (ఆమోదించిన సిలబస్ అక్కర్లేని రకం) స్కూల్, పేరు వద్దులెండి, "40 గంటలు ఎగిరితే చెక్‌రైడే (ఎగిరి చూపించే చివరి పరీక్ష)" అంటే నమ్మి మొత్తం ముందే కట్టేశాను.

ఆ 40 గంటలు బయటికి కనపడకుండా హుడ్ పెట్టుకునో, నిజంగా మేఘాల్లోనో ఎగిరే టైమ్ మాత్రమే. అది కాక పైలట్ ఇన్ కమాండ్‌గా (పీఐసీ, అంటే ఫ్లైట్‌కి బాధ్యుడైన పైలట్‌గా) 50 గంటల క్రాస్ కంట్రీ ఉండాలి, దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నాకు 31 ఉన్నాయనుకున్నా, కూర్చుని కూడితే 22 తేలాయి. బయల్దేరిన చోటు నుంచి 50 నాటికల్ మైళ్లు దాటి దిగితేనే లెక్కట, నేనేమో 44 మైళ్ల దూరంలో మంచి బార్బెక్యూ దొరికే ఎయిర్‌పోర్టుకే తెగ తిరిగాను! అది నా తప్పే, ఒప్పుకుంటా. కానీ లైసెన్స్ వచ్చాక ఇన్‌స్ట్రక్టర్ పక్కనున్నా కంట్రోల్స్ మన చేతిలో ఉన్నంతసేపు పీఐసీ రాసుకోవచ్చు కదా, పాఠాలు కాస్త దూరపు ఎయిర్‌పోర్టుల్లో పెట్టి అక్కడ దిగనిచ్చి ఉంటే రెండు లెక్కలూ ఒకేసారి నిండేవి. వీళ్లు అన్నీ ఊరి చుట్టూనే తిప్పారు.

సిమ్యులేటర్ సంగతి ఇంకా ఘోరం. 20 గంటలు అందులోనే కూర్చోబెట్టారు. తీరా దాని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆథరైజేషన్ లెటర్ చూస్తే అది బేసిక్ రకం, 10 గంటలకి మించి చెల్లదు, అడ్వాన్స్‌డ్ రకానికైతేనే 20. మిగతా 10 గంటల డబ్బు గాలికి పోయింది.

ఇవన్నీ సర్దుకుని వెళ్తే ఎగ్జామినర్ నా లాగ్‌బుక్‌లో, రేటింగ్‌కి తప్పనిసరైన 250 మైళ్ల క్రాస్ కంట్రీ ఎంట్రీ దగ్గర ఆగారు. అందులో మూడు రకాల అప్రోచ్‌లు (పరికరాలు చూసి రన్‌వే వైపు దిగే పద్ధతులు) ఉండాలి, మాది ఐఎల్‌ఎస్ (రేడియో సిగ్నల్‌తో) ఒకటి, ఆర్‌నావ్ (జీపీఎస్‌తో) రెండు, అంటే రెండు రకాలే. చెక్‌రైడ్ మొదలే పెట్టలేదు. ఆ ఫ్లైట్ మళ్లీ ఎగరాలి, ఈలోపు టెస్ట్‌కి ముందు 2 క్యాలెండర్ నెలల్లో ఉండాల్సిన 3 గంటల ట్రైనింగ్ కూడా పాతబడిపోయింది. స్కూల్‌ని అడిగితే "అవి ఎక్స్‌ట్రా గంటలు" అని బిల్లు పంపారు.

కట్టేముందు ఈ గంటలన్నీ రాసున్న ఎఫ్‌ఏఏ రూల్ 61.65 పక్కన పెట్టుకుని మీ లాగ్‌బుక్ మీరే కూడండి, సిమ్యులేటర్ లెటర్ కళ్లతో చూడండి, ఇన్‌స్ట్రక్టర్‌కి డబుల్ ఐ (ఇన్‌స్ట్రుమెంట్ పాఠాలు చెప్పే అనుమతి) ఉందో లేదో అడగండి, డబ్బు ఏ ఫ్లైట్‌కి ఆ ఫ్లైట్‌కే ఇవ్వండి. పార్ట్ 141 (ఎఫ్‌ఏఏ ఆమోదించిన సిలబస్‌తో నడిచే) స్కూలైతే లెక్కలు వేరే. నా రీఫండ్ మెయిల్‌కి మాత్రం ఇంకా జవాబు లేదు.