జాగ్రత్త: ‘కీమో పోర్ట్ స్పెషల్ దిండు’ కొనకండి, మా అమ్మ విషయంలో ఏమైందో చదవండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి కీమో కోసం విశాఖకు తిరుగుతున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. పోర్ట్ అంటే కీమో మందు సూదితో ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం. ‘పోర్ట్ ఉన్నవాళ్ళకు హాయిగా నిద్ర పట్టించే మెడికల్ దిండు’ అని ఫోన్లో తెలుగు వీడియో ఒకటి తిరుగుతోంది. అది చూసి నేను 2,450 రూపాయలు పెట్టి ఆ దిండు తెప్పించాను. డబ్బు సంగతి తర్వాత. దానివల్ల అమ్మ కీమో నాలుగు రోజులు వెనక్కి పోయింది.

అమ్మకు కుడి రొమ్ములో క్యాన్సర్. అందుకని పోర్ట్ ఎడమవైపు, మెడ కింది ఎముకకు కొంచెం దిగువన, చర్మం లోపల పెట్టారు. పైకి చూస్తే పది రూపాయల బిళ్ళంత ఉబ్బు. మా అమ్మకేమో చిన్నప్పటి నుంచీ ఎడమవైపు ఒత్తిగిల్లితేనే నిద్ర. పెట్టిన మొదటి వారం ఆ వైపు తిరగడానికి భయపడి, గోడకు ఆనుకుని కూర్చునే రాత్రులు గడిపింది. నేను లేచి చూస్తే కళ్ళు తెరిచే ఉండేది. “నువ్వు పడుకో, నాకేం కాలేదు” అనేది. అలాంటి రాత్రే ఆ వీడియో నా కంటపడింది. అర్ధరాత్రి రెండు గంటలకు ఆర్డర్ పెట్టేశాను.

వచ్చిన వస్తువు చెక్కలా గట్టిగా ఉన్న ఫోమ్ ముక్క. రబ్బరు వాసన. నిద్రలో దొర్లిపోకుండా అంటూ దానికొక బెల్టు. ఆ బెల్టు ఎడమ భుజం మీదుగా ఛాతీకి అడ్డంగా వస్తుంది, దాని ప్లాస్టిక్ క్లిప్పు సరిగ్గా పోర్ట్ మీదే కూర్చుంటుంది. రెండోవైపుకు మార్చే వీలు లేదు. అప్పుడే పక్కన పడేయాల్సింది. పెద్ద డబ్బు పెట్టానని అమ్మ రెండు రాత్రులు ఓర్చుకుంది. మే నెల ఉక్కపోత, కింద ఫోమ్, పైన బెల్టు. మూడో రోజు పొద్దున చూస్తే పోర్ట్ మీద చర్మం ఎర్రగా కంది, ఒకచోట పొర లేచిపోయి ఉంది.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. జ్వరం 100.4 దాటినా, చలి వణుకు వచ్చినా, పోర్ట్ దగ్గర వాపు, చీము కనిపించినా, ఆ వైపు చెయ్యి గానీ మెడ గానీ ఉబ్బినా రాత్రయినా సరే వెంటనే రమ్మని మాకు ముందే చెప్పి ఉన్నారు. జ్వరం లేదు. అయినా ఉండబట్టలేక పార్వతీపురం, బొబ్బిలి మీదుగా ఆ రోజే రైల్లో విశాఖ తీసుకెళ్ళాం. ఇన్‌ఫెక్షన్ కాదు, ఒరిపిడి అన్నారు. కానీ చర్మం లేచినచోట సూది గుచ్చకూడదు కాబట్టి మానేదాకా ఆగాలన్నారు. అమ్మ ఒక్క మాట అనలేదు. తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అక్కడి నర్సమ్మ చెప్పిన మాటలు నాకు ముందే తెలిసుంటే ఈ దిండు కొనేదాన్నే కాదు. కుట్లు మానేదాకా, అంటే సుమారు రెండు వారాలు, తల కొంచెం ఎత్తు పెట్టుకుని వెల్లకిలా గానీ, పోర్ట్ లేని వైపు తిరిగి గానీ పడుకోవాలి. బోర్లా వద్దు. పూర్తిగా మానాక ఆ వైపు తిరిగి పడుకున్నా పోర్ట్‌కు ఏమీ కాదు, నొప్పి అనిపిస్తే మాత్రం మానుకోవాలి. దాని మీద గట్టి వస్తువు నొక్కుకోకూడదు, ఏదీ రాసుకోకూడదు. ఆ దిండుకు ఉన్న బెల్టు చేసేది అదే పని.

దిండులో అయస్కాంతాలు ఉన్నాయని వీడియోలో చెబుతారు, ఆ మాట కూడా నమ్మకండి. వాటితో క్యాన్సర్ గడ్డ కరుగుతుందట! క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే చట్టం ఉంది. దిండు కింద కీమో పంపు పెట్టుకోవడానికి ఒక జేబు కూడా ఉంది, అదైతే ఇంకా ప్రమాదం. కొందరికి మందు నింపిన బెలూన్ లాంటి పంపు తగిలించి ఇంటికి పంపిస్తారు, రెండు రోజుల పాటు మందు దాన్నుంచే ఎక్కుతుంది. వేడి తగిలితే ఆ మందు వెళ్ళే వేగం మారిపోతుంది. దాన్ని తలకింద పెట్టకూడదు. ఎక్కడ ఉంచాలో తగిలించినవాళ్ళనే అడగండి.

ఇప్పుడు అమ్మ కుడివైపు తిరిగి పడుకుంటోంది. పాత నూలుచీర ముక్కలో బూరుగుదూది కూరి చిన్న దిండు కుట్టాను. దాన్ని ఛాతీకి ఎదురుగా పెట్టి ఎడమ చెయ్యి దాని మీద ఆనిస్తే భుజం ముందుకు జారదు, కుట్టు లాగదు. రాత్రిపూట నల్లపూసలు, గొలుసు తీసి పక్కన పెడుతోంది. మొదట ఒప్పుకోలేదు, నల్లపూసలు పోర్ట్ మీద రాసుకుని మంట పుట్టాక తనే తీసింది. ముందు బొత్తాలున్న నూలు నైటీలు వేసుకుంటోంది. నిన్న నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయింది.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే ‘ఒంటికి వాడే వస్తువు, వెనక్కి తీసుకోం’ అన్నాడు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. అట్ట పెట్టె మీద తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు, ఎం.ఆర్.పీ. కూడా లేదు. ఈ మూడూ ఉండి తీరాలి, నేనే చూసుకోలేదు. 1915 నంబరుకు, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లులో గడువు రాయకపోయినా, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. ఆన్‌లైన్లో కొన్నదైతే అమ్మినవాళ్ళు 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నాది ఇంకా తేలలేదు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్ళు ఉంటే, డెలివరీ అబ్బాయి వచ్చినప్పుడు డబ్బు కట్టకుండా తిప్పి పంపేయండి. కట్టేసి ఉంటే పెట్టె, స్లిప్పు, వాళ్ళ మెసేజ్‌లు పారేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం. దిండు తెచ్చి వాడుతున్నవాళ్ళు మాత్రం ఈ రాత్రికే ఆ బెల్టు కత్తిరించి తీసేయండి.