ఊరి తలుపు మీద ఆరేళ్ల భోజనాలు

దేవరకొండ దగ్గరి మా ఊళ్లో పెంకుటిల్లు తీసేసి స్లాబు వేసినప్పుడు, సింహద్వారం రెక్కలు రెండింటికీ కలిపి నాలుగు వేలు ఇస్తానన్నాడు పాత సామాను కొనేవాడు. నాన్న సరేనన్నారు కూడా. నేనే అడ్డుపడి, వాటిని, నాయనమ్మ సందుగను (చెక్కపెట్టెను) ఆటోలో వేయించుకుని నల్లగొండకు తెచ్చాను. తలుపు భోజనాల బల్ల అయింది. సందుగ కిటికీ కింద కూర్చునే బెంచీ అయింది. ఆరేళ్లు వాడాక రాస్తున్నాను.

తలుపు అచ్చమైన టేకు చేవ, ఒకటిన్నర అంగుళం మందం. చిత్రిక పడుతూ వడ్రంగి రెండుసార్లు ఆగి పదును పెట్టుకున్నాడు. టేకులో సిలికా ఉంటుంది, పనిముట్ల పదును తినేస్తుంది. ఈ ఆరేళ్లలో ఆ చెక్క వంగలేదు, పగలలేదు, చెద పట్టలేదు. వానాకాలంలో రెండు రెక్కల మధ్య సందు మూసుకుంటుంది, ఎండాకాలంలో గోరు దూరేంత తెరుచుకుంటుంది. అంతే.

నన్ను ఏడిపించినవన్నీ నేను కొత్తగా చేర్చినవే.

మొదటిది గాజు. తలుపుకు చెక్కడాలు, ఇత్తడి బొడిపెలు ఉన్నాయి కదా, పళ్లెం నిలవదని పైన 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు పరిపించాను. ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. వాడకంలో చూడండి: ఒకరోజు పచ్చిపులుసు గిన్నె ఒరిగి అంచు నుంచి గాజు కిందికి జారింది. మర్నాటికి చీమల బారు. తుడవాలంటే గాజు ఎత్తాలి. ఆరడుగులకు మూడడుగుల ఆ పలక దాదాపు 33 కిలోలు. మా ఆవిడ, నేను చెరో వైపు పట్టుకుని, పెళ్లిలో కూడా అంత జాగ్రత్తగా అడుగులు వేయలేదు.

రెండోది మెలమైన్ పాలిష్, చెక్క మీద గట్టి పొరలా ఆరే పూత. అద్దంలా మెరిసింది, మొదటి వేసవి దాటకుండానే వేడి గిన్నె పెట్టిన చోట తెల్లటి వలయం పడింది. ఆ ఒక్క చోటే సరిచేద్దామంటే అతుకు కనిపిస్తుంది. పొర మొత్తం గీకాల్సిందే. గీకించి, మరిగించిన అవిసె నూనె పట్టించాను. ఏడాదికోసారి మళ్లీ రాస్తే చాలు, మరక పడిన చోటే రుద్దుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విడదీసి బయట ఆరేయాలి.

సందుగ పక్కలు గట్టివే కానీ అడుగు చెక్క మెత్తటిది, పురుగు తొలిచి పిండి రాలుతుండేది. దాని బదులు ప్లైవుడ్ వేయించాను. ఇల్లు తుడిచిన తడికి రెండేళ్లలో ఉబ్బి పొరలు లేచింది. ఇప్పుడు అడుగున టేకు పట్టీలు, కింద నాలుగు రాతి ముక్కలు. నాయనమ్మ పుట్టపాక చీరతో కుట్టించిన దిండు మాత్రం కిటికీ వైపు వెలిసిపోయింది. ఆ చీర కత్తిరించినందుకు అత్తయ్య ఇంకా నిష్ఠూరమాడుతూనే ఉంది, న్యాయమే.

డబ్బు కంటే ఎక్కువగా నన్ను బాధించేది వేరే ఉంది. తలుపుకు ఎప్పటివో ఆకుపచ్చ ఎనామిల్ పూతలు ఉండేవి. డాబా మీద పొడిగానే గరుకు కాగితంతో గీకాం, పాప పక్కనే ఆడుకుంటోంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు పూతల్లో సీసం ఉండవచ్చు; ఆ ధూళి పిల్లలకు విషం. నాకది తర్వాత తెలిసింది. తడిపి గీకించండి, మాస్కు పెట్టుకోండి, పిల్లలను అటు రానివ్వకండి.

పోయిన సంక్రాంతికి గాజు తీసేసి, చెక్కడాల గుంతల్లో సరిపడా టేకు ముక్కలు బిగింపించి పైభాగం చదును చేయించాను. బొడిపెలు అంచులకు మారాయి. గాజు మంచం కింద ఉంది. కావలసినవాళ్లు ఉచితంగా తీసుకుపోవచ్చు, ఇద్దరు మనుషులతో రండి.