అమెరికా ఆరోగ్య సంస్కరణ: ఒక్కసారిగానా, అంచెలంచెలుగానా?

అమెరికాలో ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ అక్కడ స్థిరపడిన తెలుగువారూ, ఇక్కడున్న వారి తల్లిదండ్రులూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. దేశమంతటికీ ఒకే ప్రభుత్వ బీమాను ఒక్క చట్టంతో తీసుకురావడం మేలా, ఉన్న వ్యవస్థనే విడతలవారీగా సరిదిద్దుకుంటూ పోవడం మేలా? 2023లో దాదాపు 4.9 లక్షల కోట్ల డాలర్లను, అంటే జీడీపీలో 17.6 శాతాన్ని వైద్యానికి ఖర్చుచేసి కూడా రెండున్నర కోట్ల మందికి పైగా బీమా లేకుండా వదిలేసిన దేశమది. ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ రావడం సహజమే.

సమూల మార్పు కోరేవారి వాదనలో చాలా బలం ఉంది. ఉద్యోగంతో ముడిపడిన బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. హెచ్‌-1బి వీసాపై పనిచేసే మనవాళ్లకు లేఆఫ్ వచ్చిందంటే వీసా గడువు, పిల్లల వైద్యం రెండూ ఒకే వారంలో చింతలుగా మారతాయి. ప్రభుత్వమే ఏకైక బీమాదారు అయితే ఆ ముడి తెగుతుంది, ఆసుపత్రులతోనూ మందుల కంపెనీలతోనూ ధర మాట్లాడుకునే శక్తి పెరుగుతుంది. అయితే సెనేటర్ బెర్నీ శాండర్స్ 2017లో ప్రవేశపెట్టిన ‘అందరికీ మెడికేర్’ (మెడికేర్ అంటే ప్రధానంగా 65 దాటినవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే బీమా) బిల్లు కూడా అర్హత వయసును నాలుగేళ్లలో 55కు, 45కు, 35కు దించుకుంటూ వెళ్లి చివరికి అందరినీ చేర్చుకోవాలనే ప్రతిపాదించిందన్నది గమనించాలి.

సమూల మార్పు దారిలో నడిచినవారి చరిత్ర మాత్రం నిరాశ కలిగిస్తుంది. అధ్యక్షుడు ట్రూమన్ 1945లో ప్రతిపాదించిన జాతీయ బీమాను వైద్యుల సంఘం అడ్డుకుంది. క్లింటన్ 1993లో తెచ్చిన భారీ ప్రణాళిక మరుసటి ఏడాది సెప్టెంబరుకల్లా, ఏ సభలోనూ ఓటింగు దాకా రాకుండానే ముగిసిపోయింది. వెర్మాంట్ వంటి చిన్న, ఉదారవాద రాష్ట్రం 2011లో చట్టం చేసి కూడా, అందుకు కావలసిన పన్నుల లెక్క తేలాక 2014లో విరమించుకుంది. బీమా కంపెనీల పలుకుబడి ఒక్కటే ఇందుకు కారణం కాదు. పదిహేను కోట్లకు పైగా జనం యజమాని ద్వారా బీమా పొందుతున్న దేశంలో, ఉన్నది పోతుందేమోనన్న భయం రాబోయే మేలుపై ఆశకంటే ఎప్పుడూ బలంగానే ఉంటుంది.

అలాగని అంచెలంచెల దారిని కళ్లు మూసుకుని మెచ్చుకోలేము. నిజమే, 1974లో యజమానుల ద్వారా బీమాను విస్తరించాలన్న అధ్యక్షుడు నిక్సన్ ప్రతిపాదన వచ్చినప్పుడు, మరింత మంచి చట్టం వస్తుందని కార్మిక సంఘాలు, పలువురు డెమొక్రాట్లు దాన్ని కాదన్నారు. ఆ తరువాత బీమాను విస్తరించిన ఒబామా చట్టం (అఫర్డబుల్ కేర్ యాక్ట్) రావడానికి 2010 దాకా ఆగాల్సివచ్చింది. అయినా ఓపిక పట్టమని చెప్పేవారికి సాధారణంగా బీమా ఉంటుంది, పట్టాల్సినవారికి ఉండదు. సమూల మార్పు కోరేవారి ఈ ఆక్షేపణకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు.

నా దృష్టిలో ఈ చర్చను తేల్చే అంశం వేరే ఉంది. ఒక పార్టీ చేసిన చట్టం, ఎదుటి పార్టీ అధికారంలోకి వచ్చాక నిలుస్తుందా? ఒబామా చట్టంలో నిలిచినవీ నిలవనివీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది. పేదలకు ప్రభుత్వం ఇచ్చే బీమా అయిన మెడికెయిడ్ విస్తరణను 2012లో సుప్రీంకోర్టు రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. టెక్సస్, ఫ్లోరిడా సహా పది రాష్ట్రాలు నేటికీ అమలుచేయలేదు. ఆ రాష్ట్రాల్లో చాలాచోట్ల, దారిద్ర్యరేఖ కింద ఉన్న పెద్దలకు మెడికెయిడూ దక్కదు, బీమా కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే సబ్సిడీయూ దక్కదు. 2021లో పెంచిన సబ్సిడీలకు గడువు పెట్టారు కాబట్టి, వాటి కోసం 43 రోజులపాటు ప్రభుత్వం స్తంభించినా 2025 చివర అవి ముగిసిపోయాయి. పాత జబ్బు ఉందని బీమా నిరాకరించకూడదన్న నిబంధన, 26 ఏళ్ల వరకు తల్లిదండ్రుల బీమాలో కొనసాగే హక్కు మాత్రం 2017 జులైలో సెనేట్‌లో రద్దు ప్రయత్నం విఫలమయ్యాక చెక్కుచెదరలేదు.

1965 జులై 30న జాన్సన్ సంతకం చేసిన మెడికేర్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అది దేశం మొత్తానికి కాదు, 65 దాటినవారికి మాత్రమే. కానీ ఆ వర్గంలో పేదా ధనికా భేదం చూడలేదు, రాష్ట్రాల ఇష్టానికి వదలలేదు, గడువు పెట్టలేదు. ఏడాది తిరగకుండానే 1966 జులై 1న దాదాపు 1.9 కోట్ల మందికి అమల్లోకి వచ్చింది. నల్లజాతివారిని వేరు వార్డుల్లో ఉంచే ఆసుపత్రులకు మెడికేర్ సొమ్ము ఇవ్వబోమని చెప్పడంతో, దక్షిణాదిలో దశాబ్దాల వివక్షను చాలా ఆసుపత్రులు కొన్ని నెలల్లోనే విడిచిపెట్టాయి. 1972లో వికలాంగులు, మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారు చేరారు. ఇప్పుడు దీన్ని రద్దు చేస్తామని ఓట్లడిగే సాహసం ఏ ప్రధాన పార్టీకీ లేదు.

మధ్యేమార్గాలుగా చెప్పే రెండింటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రైవేటు బీమాతో పోటీపడే ప్రభుత్వ బీమా 2009లోనే సెనేట్‌లో జారిపోయింది. రాష్ట్రాలు సొంతంగా చేసుకోవడం మసాచుసెట్స్‌లో 2006లో ఫలించినా, చాలా రాష్ట్రాలకు అంత ఆర్థిక బలం లేదు.

అందుకే నేను అంచెలంచెల దారివైపే మొగ్గుతాను, కానీ ప్రతి అంచె దానంతటది పూర్తిగా ఉండాలన్న షరతుతో. మెడికేర్ వయసును 65 నుంచి 60కి, గడువు లేకుండా తగ్గించడం అటువంటి అంచె. ఆసుపత్రులు దీన్ని వ్యతిరేకిస్తాయి, ఎందుకంటే ప్రైవేటు బీమా ఇచ్చేదానికంటే మెడికేర్ ఇచ్చేది తక్కువ. అయిదేళ్ల వయోవర్గం మేరకు ఆ వ్యతిరేకతను ఎదుర్కొని గెలవవచ్చు; దేశం మొత్తానికి ఒకేసారి ఎదుర్కొని గెలవడం 1945 నుంచి ఏ అధ్యక్షుడివల్లా కాలేదు.