ఇప్పుడు లేని దుకాణాలకి రివ్యూ: జుమేరాత్ బజార్ పాత సామాన్ల లైన్

మూతపడ్డ హోటల్ బిర్యానీకి స్టార్లు ఇచ్చినట్టు ఉంటది ఇది, తెలుసు. కానీ మొన్న గురువారం పని మీద హైదరాబాద్ పురానాపూల్ దిక్కు పోయి, గురువారం గురువారం పెట్టే జుమేరాత్ బజార్‌ల మేం తిరిగిన పాత సామాన్ల లైన్ కోసం ఎంత ఎతికినా కనబడలే. బట్టల కుప్పలు, చెప్పులు, చార్జర్లు. ఒక పెద్దాయనని అడిగితే "వో సబ్ గయా బేటా", అవన్నీ పోయినయ్ బిడ్డా, అని చెయ్యి ఊపిండు.

1990లల్ల మా మేనమామ వెంబడి పోయెటోణ్ణి. పొద్దుగాల ఆరింటికల్లా ఆడ ఉండాలె అనెటోడు, ఎందుకంటే కబాడీవాళ్లు మూటలు విప్పేది అప్పుడే, జర లేట్ అయిందంటే డీలర్లు మంచివన్నీ ఏరుకపోతరు, మనకి పగిలిన మిక్సీ జార్లే. పట్టా మీద అన్నీ కలగాపులగం. నట్లు బోల్టులు, మర్ఫీ రేడియో నాబ్‌లు, మన హైదరాబాద్‌ల తయారైన ఆల్విన్ వాచీలు, జిందా తిలిస్మాత్ రేకు బోర్డు, మూత పోయిన ఊరగాయ జాడీ. మామ జేబుల ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉండె. ఇత్తడి అని చెప్పిన దీపానికి అది టక్కున అతుక్కుంటే ఏం మాట్లాడకుండ ముందుకు నడిచెటోడు. ఒకసారి ఇనుప డబ్బా అని అమ్ముతున్న నల్ల పాన్‌దాన్‌కి అది అతుక్కోలే, మూత అంచుకి సన్నటి వెండి తీగ ఇంకా ఉంది. బిద్రీ! అంటే నల్ల లోహం మీద వెండి పొదిగే బీదర్ పని. బిద్రీల ఉండేది జింకు, రాగి, అయస్కాంతం పట్టదు. ఆ రోజు మామ బేరం కూడా ఆడలే, అడిగినంత ఇచ్చి నడుస్తనే ఉన్నడు.

నాకు బాగా గుర్తున్నది మాత్రం తాళం. ఎన్.ఎస్.ఆర్. అని చెక్కి ఉంది, అంటే నిజాం స్టేట్ రైల్వే, అరచేతిల పట్టనంత పెద్దది, చెవి లేదు. 60 రూపాయలకి ఇచ్చిండు. ఆ లైన్ చివర ఒక తాత ఉండెటోడు, ఆయన సరుకే తాళంచెవులు, గోనెసంచి మీద గుట్ట పోసి కూసునెటోడు. నా తాళం తీస్కొని రంధ్రంల ఊది, కొబ్బరినూనె చుక్క ఏసి, ఒక్కో చెవి పెట్టి చూడబట్టిండు. మధ్యల రెండుసార్లు చాయ్ వచ్చింది. ముప్పావుగంటకి కటక్ మని తెరుచుకుంది, ఎంత అంటే 80 అన్నడు! తాళం కన్నా చెవి ఎక్కువా అంటే, "తాలా తో సబ్ బేచ్‌తే", తాళాలైతే అందరూ అమ్ముతరు, అన్నడు. ఇచ్చేసిన.

మోసం లేదా అంటే ఉంది. నేను చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా, అంటే నిజాం కాలం రూపాయి, ఒకటి కొన్న. చార్మినార్ కమాన్‌ల ఉర్దూ అక్షరం చూడాలె, ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే 'ఐన్', వాళ్ల నాయన మహబూబ్ అలీ ఖాన్‌దైతే 'మీమ్', అంతవరకు నేర్చుకున్న. అక్షరం కరెక్టే. కానీ ఆ రూపాయి 11.18 గ్రాములు తూగాలె, కంసాలి తక్కెట్ల పెడితే నాది 8 కూడా లేదు. వాపస్ ఇద్దామని వచ్చే గురువారం పోతే ఆ జాగల వేరేటోడు గాజుసీసాలు పెట్టుకొని కూసున్నడు. ఇత్తడి హారన్ ఉన్న గ్రామఫోన్లు కూడా సగం కొత్తగా కట్టినయే, పెట్టెకి హెచ్.ఎం.వి. కంపెనీ కుక్క బొమ్మ స్టిక్కర్ అతికిచ్చి.

సౌకర్యాలు సున్నా. వానొస్తే బురద, నీడ లేదు, జేబు మీద ఒక చెయ్యి పెట్టుకొనే తిరగాలె. అయినా 5కి నాలుగున్నర ఇస్త, ఆ అర స్టార్ నా దొంగ రూపాయికి కోత. ఇప్పుడు షోరూంలల్ల అదే జాడీకి లైటు ఏసి, ట్యాగ్ కట్టి, వేలల్ల చెప్తరు. సామాను మంచిగనే ఉంటది, ఒప్పుకుంట, కానీ అన్నీ తోమి పెట్టినయే, ఎతికేదేం లేదు, ఇగ నేను ఆడికి పోయి చేసేదేంది?

ఎన్.ఎస్.ఆర్. తాళం మా స్టోర్‌రూంకి ఉంది, ఇప్పటికీ కటక్ మంటది. ఇంకో రెండు తాళాలు చెవుల్లేక అట్లనే పడి ఉన్నయ్, ఆ తాత కొడుకులెవరన్నా ఇంకా ఆ గుట్ట పెట్టుకొని ఎక్కడన్న కూసుంటున్నరేమో, ఎవరికన్న కనబడితే చెప్పుండ్రి, తెస్త.